ఏడు దాటితేనే

"ఆ తెల్ల కేబుల్ నాది కాదు బావా, మీది. తీసి పక్కన పెట్టండి."

"నాదే. నీకిస్తున్నాను. అలిగి పోయేవాణ్ణి ఉత్తి చేతులతో పంపితే ఏం బాగుంటుంది?"

"నేనేం అలగలేదు."

"అలిగినవాళ్లందరూ అనే మాటే అది."

తమ్ముడు నవ్వలేదు. హాల్లో నేల మీద కూర్చొని, అట్టపెట్టెలో కేబుళ్లు ఒక్కొక్కటీ చుట్టి పెడుతున్నాడు. చుట్టిన ప్రతిదానికీ చిన్న కాగితం ముక్క అంటించి, అది దేనికి పనికొస్తుందో రాస్తున్నాడు. కోపంతో ఇల్లు వదిలేవాడు ఇంత ఓపిగ్గా సర్దుకోడు. కోపమైనా బాగుండేదని ఆమెకు అనిపించింది. కోపం దిగిపోతుంది.

ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో తడిగుడ్డ. తుడవడానికి వంటింట్లో ఏమీ మిగల్లేదు. ఉదయం నుంచి గట్టు మూడుసార్లు తుడిచింది.

ఆదివారం తొమ్మిది గంటలైంది. రేపు పది గంటలకు విచారణ కమిటీ. వాళ్ల ఉత్తరం ఫ్రిజ్ మీద, పళ్ల గిన్నె కింద ఉంది. గురువారం మధ్యాహ్నం పంపుహౌస్‌లో మూడో నంబరు పంపు ఎందుకు బిగుసుకుపోయిందో వచ్చి చెప్పమని. మూడు రోజులుగా సగం ఊరి కుళాయిల్లో నీళ్లు లేవు. ఉత్తరం మీద ఒక్క పేరే ఉంది. అది తమ్ముడిది.

"కమిటీ అయ్యాక వెళ్లొచ్చు కదా" అంది ఆమె.

"కాకముందే వెళ్లాలక్కా. ఈ ఇంట్లోంచే వెళ్లి కూర్చుంటే నిన్ను కూడా నాతో కలిపి చూస్తారు. పంపుహౌస్‌లో నీది ఇరవై రెండేళ్ల సర్వీసు. నాది ఏడాదిన్నర కాంట్రాక్టు. ఏది పోతే ఎక్కువ నష్టమో చిన్నపిల్లలు కూడా చెబుతారు."

"చిన్నపిల్లల్ని అడుగుదాం అయితే" అన్నాడు ఆమె భర్త. సోఫాలో కాళ్లు ముడుచుకొని, చదవని పేపరు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. అతను బయటి తలుపుకు అడ్డంగా సోఫా జరుపుకొని కూర్చున్న సంగతి అక్కా తమ్ముడూ చూసి, చూడనట్టే ఉన్నారు.

"కమిటీకి ఏం చెబుతావు?" ఆమె అడిగింది.

"పంపు పాడయ్యేది ముందే చెప్పాల్సిన నా కంప్యూటర్ మోడల్ తప్పని. రాసేశాను కూడా. సంతకం పెట్టి ఇచ్చేయడమే."

"తప్పేమిటో తెలిసిందా?"

తమ్ముడి చేతిలో కేబుల్ ఆగింది.

"తెలియలేదు. నాలుగు రోజుల్నించీ అదే చూస్తున్నా. కోడ్‌లో తప్పు లేదు. నేర్పింది నేర్పినట్టే అప్పజెబుతోంది. పంపు బాగున్నప్పుడు కూడా బేరింగ్ పోతోంది, పోతోందని అరుస్తుంది. తొమ్మిదిసార్లు అరిచింది. తొమ్మిదిసార్లూ పంపు ఆపి విప్పి చూస్తే బేరింగ్ అద్దంలా ఉంది. పదోసారి నిజంగానే పోతుంటే అరిచింది. అప్పుడు విసుగొచ్చి అలారం నోరు నొక్కేశారు. వాళ్లనేమనగలం? నేనైనా నొక్కేసేవాణ్ణే."

అతను తలెత్తి అక్కవైపు చూశాడు. ఆ చూపులో అనుమానం లేదు. ఆమె నాలుగు రోజులుగా ఆ చూపులో వెతుకుతున్నది అనుమానం కోసమే. కొంచెం కనిపించినా తేలికయ్యేది. అడిగితే చెప్పేయొచ్చు. అడగనివాడికి ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు.

"మార్కెట్ దాకా వెళ్లొస్తాను" అంది. తడిగుడ్డ ఎక్కడ పెట్టాలో తోచక కుర్చీ మీద వేసింది.

మెట్ల దగ్గర భర్త వెనకాలే వచ్చాడు. చేతిలో సంచి.

"ఇది మరిచిపోయావు."

ఆమె తీసుకుంది.

"మార్కెట్‌కి పంపుహౌస్ బూట్లు ఎందుకో?" అన్నాడు మెల్లగా.

ఆమె కిందికి చూసుకుంది. నూనె మరకలున్న బూట్లు. లేసులు కూడా బిగించి కట్టుకుంది. కట్టుకున్నట్టు గుర్తే లేదు.

"నాకు చెప్పకపోయినా పర్లేదు" అన్నాడు భర్త. "వాడికి చెప్పాల్సింది ఏమన్నా ఉంటే మాత్రం, ఆ పెట్టెకి టేపు వేసే లోపల చెప్పు. టేపు వేశాక మగవాళ్లు మాట వినరు."

"ఏం చెప్పాలి నేను?"

"నాకేం తెలుసు. గీతలు గీసుకునేవాణ్ణి."

అతను డ్రాఫ్ట్స్‌మన్. ముప్పై ఏళ్లు బల్ల మీద, పెన్సిలుతో ఇళ్లు గీశాడు. నలభై ఏడేళ్ల వయసులో బల్ల తీసేసి అతని ముందు కంప్యూటర్ పెట్టారు.

"మొదటి వారం నేను గీసిన మెట్లు గోడలోంచి బయటికొచ్చి గాల్లో ఆగిపోయాయి" అన్నాడు. "నా కొడుకు వయసున్నవాళ్లు అందరూ చుట్టూ మూగి చూశారు. ఒకడు ఫొటో కూడా తీసుకున్నాడు. ఆ రోజు అనుకున్నాను, ఇంక తల ఎక్కడ పెట్టుకోవాలని. ఎక్కడా పెట్టలేదు. మెడ మీదే ఉంది."

"అది నేర్చుకోవడం. ఇది వేరు."

"ఏది వేరు?"

ఆమె మెట్లు దిగింది. నోరు జారిన మాట మెట్లన్నీ దిగేదాకా వెంట వచ్చింది.

పంపుహౌస్ ఇంటికి ఇరవై నిమిషాల దూరం. దారిలో నీళ్ల ట్యాంకర్ చుట్టూ బకెట్లు పట్టుకొని జనం. ఒకావిడ బకెట్ నిండాక కూడా తీయకుండా, పొర్లి పారుతున్న నీళ్లను అలాగే చూస్తూ నిలబడింది. వెనక వాళ్లు తిడుతున్నారు. ఆమె తలవంచుకొని, ట్యాంకర్ వైపు చూడకుండా అవతలి పక్కకు దాటింది.

లోపల ఎప్పటిలాగే మోత. ఆరు పంపుల మోతలో ఒకటి తక్కువైతే బయటివాళ్లకు తెలియదు. ఆమెకు మాత్రం పన్ను ఊడిన చోట నాలుక పోయినట్టు ధ్యాసంతా అటే పోయింది. మూడో పంపు విప్పేసి ఉంది. నీలం రంగు మూత పక్కన, కాలి నల్లబడ్డ ఇరుసు గోనెపట్టా మీద పడుకొని ఉంది.

"ఆదివారం కూడా వచ్చారా మేడమ్?" షిఫ్ట్ ఇన్‌చార్జి లేచాడు. ఎండాకాలమైనా మెడకు మఫ్లర్ చుట్టుకొని తిరుగుతాడు కాబట్టి అందరికీ ఆయన మఫ్లరే. గురువారం అలారం నొక్కేసింది ఆయనే. ఆయన్ని మాత్రం కమిటీ పిలవలేదు. ఎప్పుడూ ఉత్తుత్తికి అరిచే అలారాన్ని నొక్కేస్తే తప్పేముందని ముందే తేల్చేశారు.

"ఊరికే, పుస్తకాల కోసం."

"తీసుకెళ్లండి. మీ పుస్తకాలే కదా."

అవును, ఆమె పుస్తకాలే. అలమారలో పదకొండేళ్ల లాగ్‌బుక్కులు. చక్కటి గుండ్రటి అక్షరాలు, ఎక్కడా కొట్టివేత లేదు. కొత్తగా చేరిన ఇంజనీర్లకు నమూనాగా చూపిస్తారు వాటిని. ఆమె చివరి రెండేళ్లవి రెండూ తీసి సంచిలో పెట్టుకుంది.

అక్కడితో వెళ్లిపోవాల్సింది. కాళ్లు ఐదో పంపు దగ్గర ఆగాయి.

గోడకు ఆనించిన ఉక్కు కడ్డీ అందుకుంది. బెత్తెడు తక్కువ రెండు మూరలుంటుంది. ఒక కొన బేరింగ్ పెట్టె మీద ఆనించి, రెండో కొన చెవి వెనక ఎముకకు తగిలించి కళ్లు మూసుకుంది. దీని వల్లే వెనకాల తనను చెవి మేడమ్ అంటారని ఆమెకు తెలుసు. ఆ పేరు విని లోలోపల మురిసిపోయిన రోజులు కూడా ఉన్నాయి.

బేరింగ్ పోయే ముందు ఒక రకమైన శబ్దం చేస్తుంది. పాడైపోయిందన్నంత పెద్దది కాదు. నిద్రలో పళ్లు కొరికినట్టు, ఒకసారి వినిపించి మళ్లీ చాలాసేపు వినిపించదు. ఆ శబ్దం వింటే ఆమె ఆగలేదు. వెంటనే మార్చేయాలి. కానీ స్టోర్స్‌లో కొత్త బేరింగ్ కావాలంటే చెవి చాలదు, అంకె కావాలి. అదురు కొలిచే మీటరు ఏడు దాటితేనే పాతది పోయినట్టు, ఏడు దాటితేనే కొత్తది ఇచ్చేది. ఏడు దాటేదాకా ఆగితే ఒక్కోసారి ఇరుసే పోతుంది. అందుకని మొదటిసారి, పదకొండేళ్ల కిందట, మీటరు నాలుగున్నర చూపిస్తే ఆమె ఏడు పాయింట్ రెండని రాసింది. రాసే ముందు చుట్టూ చూసుకుంది ఆ రోజు. రెండోసారి చూసుకోలేదు.

ఐదో పంపు లోపల ఏదో కొరికింది.

లేదు. మళ్లీ విన్నది. ఏమీ లేదు. మళ్లీ ఉన్నట్టుంది.

ఇన్నేళ్లలో మొదటిసారి ఆమెకు ఆ అనుమానం కలిగింది. ఇది వినిపిస్తోందా, వినిపించాలని తను కోరుకుంటోందా? ఈ ఒక్కటి నిజమని తేలితే, ఇదివరకటివన్నీ నిజమే అయినట్టు కదా. అలా కోరుకునే చెవిని ఎంతవరకు నమ్మొచ్చు? కడ్డీ కింద పెట్టి మీటరు తీసి పెట్టి చూసింది. నాలుగు పాయింట్ మూడు.

"ఎలా ఉంది మేడమ్?"

"నాలుగు పాయింట్ మూడు."

"బాగానే ఉందన్నమాట" అన్నాడు మఫ్లర్. అని, ఆమె ముఖంలోకి కొంచెం ఎక్కువసేపు చూశాడు.

ఇంటికొచ్చేసరికి టేపు చప్పుడు వినిపించింది. తమ్ముడు పెట్టె మూత మూసి, మొదటి వరస లాగుతున్నాడు. ఆమె సంచిలోంచి రెండు లాగ్‌బుక్కులూ తీసి ఆ పెట్టె మీదే పెట్టింది.

"ఇవెందుకక్కా? అన్నీ స్కాన్ చేసుకున్నాను కదా."

"ఏడు దాటినవి ఎన్నున్నాయి వీటిలో?"

"నలభై ఒకటి. నాకు నోటికొచ్చు. వాటితోనే కదా మోడల్‌కి నేర్పింది."

"వాటిలో చాలావరకు ఏడు దాటలేదు."

భర్త లేచాడు. వెళ్లి పక్కింటి వైపు కిటికీ మూసి వచ్చి మళ్లీ అక్కడే కూర్చున్నాడు.

"అర్థం కాలేదు" అన్నాడు తమ్ముడు.

"మీటరు నాలుగు చూపించింది. నాలుగున్నర చూపించింది. నేను ఏడని రాశాను, ఏడున్నరని రాశాను. లేకపోతే స్టోర్స్ వాళ్లు బేరింగ్ ఇవ్వరు."

"బాగున్న బేరింగ్ ఎందుకు మార్చడం?"

"బాగాలేదని వినిపించింది."

"ఎవరికి?"

"నాకు."

టేపు చుట్ట అతని వేలికి వేలాడుతోంది. వీధిలో ఎవరో బకెట్ ఈడ్చుకుపోతున్న చప్పుడు వచ్చి, దూరమై, ఆగిపోయింది.

"అదురు కొలిచే సెన్సర్లు ఇరవై నాలుగక్కా" అన్నాడు చివరికి. గొంతు పెద్దది కాలేదు. "పంపుల మీద పడుకొని, ఒక్కోదాన్నీ దిద్దాను. నువ్వు ఏడున్నర రాసిన రోజు అది నాలుగే చూపించిందని, అదే అబద్ధం చెబుతోందనుకున్నాను. నీ అంకెకి సరిపోయేదాకా తిప్పాను దాన్ని."

"తెలుసు."

"నేను నిన్ను అడిగాను కదా."

"అడిగావు."

"ఏమన్నావు?"

ఆమె లాగ్‌బుక్కుల అంచులు సరిచేసింది.

"అనక్కా. నాకు గుర్తుంది. నీకుందో లేదో చూద్దాం."

"నా చేతి రాత మీద నీకు అనుమానమా అన్నాను."

"ఆ తర్వాత?"

"నీకు రెండో ఎక్కం నేర్పింది నేనే అన్నాను."

"ఆ. నవ్వుకున్నాం కూడా."

ఆమె ఆ రోజును చాలాసార్లు విప్పి చూసుకుంది. ఆరు నెలల కిందట, ఇదే వంటింట్లో. వాడు రెండు కాగితాలు పట్టుకొచ్చి గట్టు మీద పెట్టాడు. ఒకటి ఆమె రాసింది, ఒకటి యంత్రం రాసింది. రెండూ కలవడం లేదక్కా, ఏది నమ్మమంటావు అన్నాడు. అప్పుడు ఉద్యోగం గుర్తు రాలేదు, స్టోర్స్ రూలు గుర్తు రాలేదు. భయమే వేయలేదు. భయపడి అబద్ధమాడానని ఇన్నాళ్లూ తనకు తను చెప్పుకుంది కానీ, అది కూడా అబద్ధమే. వాడు అక్కను, ఒక ఇనప డబ్బీని పక్కపక్కన పెట్టి చూశాడు. అది సహించలేకపోయింది. అంతే. వాడు యంత్రాన్ని దిద్ది ఆమెను నమ్మాడని తెలిసిన రాత్రి హాయిగా నిద్రపోయింది కూడా.

"రేపు కమిటీకి నేనే చెబుతాను" అంది.

"చెప్పి?" భర్త అందుకున్నాడు. ఇప్పుడు అతని గొంతులో వేళాకోళం లేదు. "రెండేళ్లవే కాదు, నువ్వు రాసిన ప్రతి కాగితం తిరగేస్తారు. ఇంకెప్పుడైనా నువ్వు ఫలానా పంపు పోతుందంటే వినేవాడు ఉంటాడా అక్కడ? చెప్పొద్దని కాదు నేననేది. ఏం పోతుందో తెలిసి చెప్పు."

"చెప్పకపోతే వీడు పోతాడు."

"రేపటి సంగతి రేపు" అన్నాడు తమ్ముడు. కత్తెర తీసుకొని, తను వేసిన టేపు తనే కోశాడు. కేబుళ్ల అడుగు నుంచి లాప్‌టాప్ బయటికి లాగాడు. "కూర్చో."

"ఎందుకు?"

"తేదీ చదువుతాను. అబద్ధమో నిజమో చెప్పు. అబద్ధాలన్నీ తీసేసి, సెన్సర్లకి చేసిన దిద్దుబాటు కూడా తీసేసి మళ్లీ నేర్పుతాను. ఏమొస్తుందో చూద్దాం."

ఆ గొంతులో జాలి లేదు, క్షమించినట్టూ లేదు. పని చేసేవాడి గొంతు అది. ఆమెకు అదే మేలనిపించింది. నేల మీద వాడికి ఎదురుగా కూర్చుంది.

"రెండో పంపు. పన్నెండో తారీఖు. ఏడు పాయింట్ ఆరు."

"అబద్ధం."

"నాలుగో పంపు. పంతొమ్మిది. ఏడు పాయింట్ ఒకటి."

"అబద్ధం."

"ఒకటో పంపు. ఇరవై ఏడు. తొమ్మిది."

"అది నిజం. ఫిట్టర్ కూడా ఉన్నాడు ఆ రోజు."

"అబద్ధమాడినా నువ్వు తొమ్మిది దాకా పోవన్నమాట" అన్నాడు తమ్ముడు టైప్ చేస్తూనే. "అబద్ధాలన్నీ ఏడు ఎనిమిది మధ్యలోనే ఉన్నాయి. పొదుపుగా ఆడావు."

భర్త టీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టాడు. ఎవరూ తాగలేదు. పదిహేను తేదీలు సాఫీగా గడిచాయి. చెబుతున్నకొద్దీ ఆమెకు ఊపిరి ఆడుతున్నట్టే ఉంది.

"ఆరో పంపు. మూడో తారీఖు. ఏడు పాయింట్ నాలుగు."

ఆమె నోరు తెరిచి, ఆగి, కళ్లు మూసుకుంది.

ఆ రోజు కనిపిస్తోంది. వాన. మీటరు అద్దం మీద ఆవిరి. అంకె మాత్రం ఏడు పాయింట్ నాలుగే కనిపిస్తోంది. మీటరు మీదా అదే, పుస్తకంలోనూ అదే. రాసిన అంకె వెనక్కి నడిచి వెళ్లి మీటరు మీద కూర్చుంది. ఎంత తుడిచినా దాని కింద ఇంకో అంకె దొరకలేదు.

"అక్కా?"

"చూస్తున్నా ఉండు."

"అబద్ధమా, నిజమా?"

"నిజమే అనుకుంటా. కాదు. నిజమేనేమో."

"తెలియకపోతే తెలియదను. అది కూడా నాకు పనికొచ్చే జవాబే. ఊహించి మాత్రం చెప్పకు."

"తెలియదు" అంది ఆమె. ఇరవై రెండేళ్లలో ఆ పంపుల గురించి ఆ మాట అనడం అదే మొదటిసారి. అన్నాక, గొంతులో ఇరుక్కున్న వెలక్కాయ జారినట్టు లేదు. ఇంకా కిందికి దిగి అక్కడ కూర్చున్నట్టుంది.

నలభై ఒకటీ అయ్యేసరికి ఒంటిగంట దాటింది. ఇరవై మూడు అబద్ధం. పదకొండు నిజం. ఏడు తెలియదు.

"పదకొండే మిగిలాయి" అన్నాడు తమ్ముడు. "పదకొండుతో ఏం నేర్చుకుంటుందో మరి."

లాప్‌టాప్ లోపల ఫ్యాన్ తిరగడం మొదలైంది. ముగ్గురూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. భర్త ఒకసారి పేపరు తీశాడు, మళ్లీ పెట్టేశాడు. ఆమె లేచి వంటింట్లోకి వెళ్లింది, ఎందుకొచ్చిందో తెలియక తిరిగి వచ్చింది. కూర్చోలేకపోయింది. నిలబడలేకపోయింది. ఈ పదకొండూ చాలకపోతే, తన అబద్ధాలు వాడికి ఏమీ మిగల్చనట్టే.

"అక్కా, ఇటు రా."

తెర మీద, మోడల్ పనిలోకి దిగినప్పటి నుంచి నాలుగు నెలల గీత. ఎర్ర చుక్కలు ఉండాల్సిన తొమ్మిది చోట్లా ఖాళీ. తొమ్మిది ఉత్తుత్తి అరుపులూ లేవు. గురువారం మాత్రం, మూడో పంపు బిగుసుకుపోవడానికి ఆరు గంటల ముందు, ఒక ఎర్ర చుక్క ఉంది.

"చూశారా బావా" అన్నాడు తమ్ముడు. వేలితో ఆ చుక్క చూపించాడు. "ముందే చెప్పేది. సరిగ్గా నేర్పి ఉంటే ఆరు గంటల ముందే చెప్పేది."

సరిగ్గా నేర్పి ఉంటే అన్న మాట దగ్గర అతను ఆగి, అక్కవైపు చూడకుండా తెర కిందికి జరిపాడు. అడుగున ఇంకొక ఎర్ర చుక్క ఉంది. దాని మీద ఈ రోజు తేదీ.

"ఇదేమిటి?" అన్నాడు. "ఇది పదకొండు గంటలకి మొదలైంది. ఐదో పంపు."

ఆమె తెర మీదికి వంగింది.

"సెన్సర్ ఎంత చూపిస్తోంది?"

"అంకె తక్కువే. నాలుగు పాయింట్ మూడు. కానీ అదిరే తీరు చూడు, గురువారం మూడోది అదిరినట్టే ఉంది. అదే వరస. ఎందుకు?"

"నేను విన్నాను" అంది. "పొద్దున వెళ్లి విన్నాను దాన్ని. నమ్మలేకపోయాను."

మూడోది విప్పేసి ఉంది, మంగళవారానికి గాని తిరగదు. ఐదోది కూడా బిగుసుకుపోతే ఇరుసు చేయించి తెచ్చేసరికి నెల పడుతుంది. ఇప్పుడే ఆపి బేరింగ్ మారిస్తే రాత్రికి మళ్లీ తిరుగుతుంది. అలారం ఇంకా నొక్కేసే ఉంది. ఈ లాప్‌టాప్ మాట అక్కడ వినేవాళ్లు లేరు. వింటే ఆమె మాటే వినాలి, అదీ రేపు పది గంటలకు కమిటీ ముందు నిజం ఒప్పుకునే లోపల.

ఆమె ఫోన్ తీసి పంపుహౌస్‌కి కలిపి, స్పీకర్ నొక్కి నేల మీద పెట్టింది.

"చెప్పండి మేడమ్."

"ఐదోది ఆపేయండి. బేరింగ్ మార్చాలి. నేను బయల్దేరుతున్నాను."

"సరే మేడమ్." కాగితం తిప్పిన చప్పుడు. తర్వాత, పదకొండేళ్లుగా అడుగుతున్న అదే మర్యాదతో, అదే మెత్తటి గొంతుతో అడిగాడు. "ఎంతని రాసుకోమంటారు?"

తమ్ముడు తలెత్తాడు. భర్త కళ్లు మూసుకున్నాడు. ఆ గదిలో ఉన్న ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది, ఆయనకు మొదటినుంచీ తెలుసని.

"పొద్దున మీ ముందే చూశాను కదా" అంది. "నాలుగు పాయింట్ మూడు."

"నాలుగు పాయింట్ మూడుకి పంపు ఆపితే, ఊళ్లో ఉన్న కాసిని నీళ్లూ ఆపినందుకు రేపు మీ తమ్ముడి పక్కన నన్ను కూర్చోబెడతారు మేడమ్. ఆ అంకె మీద నేను చెయ్యి వేయలేను. బేరింగ్ కూడా రాదు స్టోర్స్‌ నుంచి. ఏడు దాటిందని ఒక్కమాట చెప్పండి, ఈ నిమిషంలో ఆపేస్తాను."

ఫోన్‌లో పంపుల మోత. ఆ మోతలో ఐదోది ఏదో ఆమె విడదీసి వినగలదు. వింటోంది కూడా.

తమ్ముడు లాప్‌టాప్ పక్కకు జరిపి ముందుకు వంగాడు. అతని చెయ్యి ఫోన్ మీదికి వచ్చి, మాట అవతలికి పోకుండా మైక్ నొక్కింది.

"ఏడని చెప్పెయ్యక్కా" అన్నాడు.

ఆమె వాడి ముఖంలోకి చూసింది. వెక్కిరింపు కాదు. పొద్దున్నుంచీ ఆమె చేత ఇరవై మూడుసార్లు అబద్ధమని చెప్పించి కొట్టేసినవాడు, ఇప్పుడు ఇరవై నాలుగోది అడుగుతున్నాడు.

"బిగుసుకుపోతుందక్కా, పంపు బిగుసుకుపోతుంది. చెప్పెయ్" అని చెయ్యి తీసేశాడు.

పదకొండేళ్లు చేతికి ఎంత సులువుగా వచ్చిన అంకె. ఇప్పుడు నోటికి రావడం లేదు.

"మేడమ్, లైన్లో ఉన్నారా?" అన్నాడు మఫ్లర్. "పెన్ను పట్టుకునే ఉన్నాను."